బురదలో సైకిల్ పందెం: గోదావరి డెల్టాలో సైక్లోక్రాస్ సీజన్ మొదలుపెట్టేవారికి సమగ్ర మార్గదర్శి

సైక్లోక్రాస్‌లో సైకిల్ తొక్కడం సగం పని మాత్రమే. తొక్కడానికి వీలులేని చోట ఆగకుండా దిగడం, దిగి సైకిల్‌ను ఎత్తుకుని పరుగెత్తడం, పరుగు మధ్యలోనే మళ్ళీ ఎక్కడం తక్కిన సగం. గడ్డి, బురద, ఇసుక, గట్టు, చెక్క అడ్డంకులు కలిసి వచ్చేలా వేసిన పొట్టి బాటను నిర్ణీత సమయం ముగిసేదాకా చుట్లు చుట్లుగా తిరగడమే ఈ పందెం. ఇది ఫ్రాన్సులో పుట్టింది. అక్కడ 1902లోనే జాతీయ పోటీ జరిగింది. 1910లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన ఆక్తావ్ లాపిజ్ చలికాలంలో ఈ బురద పందేలు తొక్కడం తన గెలుపుకు తోడ్పడిందని చెప్పుకున్నాక దీని పేరు మరింత పాకింది. 1950లో పారిస్‌లో మొదటి ప్రపంచ పోటీ జరిగింది. తరువాత బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతం వారు దీన్ని తమ ఊరి తీర్థంలా చేసుకున్నారు.

మా కోనసీమ ఊళ్ళలో ఈ ఆట పేరు తెలిసినవారు తక్కువే కానీ, ఆ పని తెలియనివారు మాత్రం లేరు. కొబ్బరి దింపుకు వచ్చే కార్మికుడు తోట గట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ వస్తాడు. బోదె ఇంకా రెండు బారల దూరం ఉండగానే కుడికాలిని సీటు మీదుగా వెనక్కి తిప్పి, ఎడమ పెడల్ మీద ఒంటికాలితో నిలబడతాడు. బోదె అంచుకు చేరేసరికి అతని కాళ్ళు నేల మీద నడుస్తూ ఉంటాయి, కుడిచేయి కడ్డీ కిందికి పోతుంది, సైకిల్ గాలిలోకి లేస్తుంది, అవతలి గట్టు మీద చక్రాలు ఆనీ ఆనగానే అతను మళ్ళీ సీటు మీద ఉంటాడు. మోకు తడవదు, కత్తి తడవదు. ఫ్లాండర్స్‌లో పిల్లలకు శిక్షకులను పెట్టి నేర్పించేది సరిగ్గా ఇదే. కాబట్టి ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం వేగం గురించి ఉండదు. దిగడం గురించి, బురద గురించి ఉంటుంది. మొదటి సీజన్‌లో వెనకబడేవారిలో ఎక్కువమంది కాళ్ళలో సత్తువ లేక వెనకబడరు. దిగవలసిన చోట దిగకుండా మొండిగా తొక్కబోయి నిలిచిపోతారు.

ఏ నెలల్లో, ఏ నేల మీద

ఐరోపాలో ఈ సీజన్ సెప్టెంబరులో మొదలై ఫిబ్రవరితో ముగుస్తుంది. దాన్ని యథాతథంగా ఇక్కడికి దించుకోవడం కుదరదు. సెప్టెంబరు నాటికి సార్వా చేలు నిండుగా ఉంటాయి, లంకల్లో వరదనీరు అప్పుడప్పుడే తీసి ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలలు వాయుగుండాలకు పెట్టింది పేరు. సార్వా కోతలు సాగి, తెల్లవారుజామున గడ్డి మీద మంచు పట్టడం మొదలయ్యే నవంబరు చివరి వారాల నుంచి ఫిబ్రవరి నెల మధ్య దాకా మనకు సీజన్ అనుకోవచ్చు. సంక్రాంతి వారాన్ని మాత్రం వదిలేయాలి. పండుగకు ఇంటికి వచ్చిన కుర్రాళ్ళంతా పందెంలోకి దిగుతారని ఒక ఏడాది ఆశపడ్డాం. కోడిపందేల ముందు సైకిల్ పందెం ఎవరికి కావాలి? పైగా కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళే జనంతో ఆ చుట్టుపక్కల దారుల్లో సైకిల్ కదలదు.

కోసిన చేను ఖాళీగా కనిపించినంత మాత్రాన ఖాళీ అనుకోకూడదు. కొన్ని చోట్ల కోతకు కొద్ది రోజుల ముందే వరిలో మినుము చల్లి ఉంచుతారు, మోళ్ళ మధ్య మొలకలు అప్పుడే లేస్తుంటాయి. మరికొన్ని చోట్ల దాళ్వా ఆకుమడికి నేల సిద్ధమవుతూ ఉంటుంది. అందువల్ల కొబ్బరి తోటలు, లంకల్లోని ఇసుక మేటలు, ఊరుమ్మడి పుంతలు, పశువులు మేసే బీడు ఈ ఆటకు అనువైనవి. చేపల చెరువుల, రొయ్యల చెరువుల గట్లకు దూరంగా ఉండటం మంచిది. అవి జారతాయి, జారితే నేరుగా చెరువులో పడతాం, పైగా బయటి బురద చెరువులోకి చేరితే తెగుళ్ళు వస్తాయన్న రైతు భయంలో న్యాయం ఉంది. కాలువ గట్టును, ఏటిగట్టును వాడుకోదలిస్తే జలవనరుల శాఖ స్థానిక కార్యాలయంలో ముందుగా రాతపూర్వకంగా అడగాలి. తోటను వాడుకోదలిస్తే రైతును స్వయంగా కలిసి అడగాలి. మేము అడగడానికి వెళ్ళినప్పుడు ఆ తోట పెద్దాయన అంతా విని, “ఇంతకీ సైకిల్ తొక్కుతారాండి, మోస్తారాండి?” అన్నారు. “రెండూనండి” అంటే, “ఆయ్, అయితే దింపు అయ్యాక పెట్టుకోండి” అన్నారు. ఆ మాటను నియమంగా పెట్టుకోవాలి. తోటలో పందెం ఎప్పుడూ కాయ దింపిన వారంలోనే ఉండాలి, ముదురు కాయలు నెత్తిమీద వేలాడుతున్న చెట్ల కింద ఉండకూడదు. తలకు పెట్టుకునే హెల్మెట్ కొబ్బరికాయను లెక్కలోకి తీసుకుని చేసినది కాదు.

మట్టిని వేళ్ళతో పరీక్షించడం

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలిన తరువాత కింద ఉన్నదంతా నది తెచ్చి పోసిన నేలే అయినా, పది కిలోమీటర్ల లోపలే నాలుగు రకాల మట్టి ఎదురవుతుంది. పందెం ముందురోజు సాయంత్రం బాటంతా నడిచి, అనుమానం ఉన్న ప్రతి చోటా పిడికెడు మట్టి తీసి బొటనవేలికి, చూపుడువేలికి మధ్య నలపాలి. మట్టి నీళ్ళగా జారిపోతే భయం లేదు. పలచని బురద చక్రం తిరిగే కొద్దీ తనంతట తాను ఎగిరిపోతుంది కాబట్టి దాన్ని తొక్కుకుంటూ పోవచ్చు. మట్టి వేలికి అంటుకుని, వేళ్ళు విడదీసినప్పుడు బెల్లం పాకంలా తీగ సాగితే అది ప్రమాదకరమైన మట్టి. నల్లనేల వానకు తడిసి రెండు రోజులు ఆరాక సరిగ్గా ఈ స్థితికి వస్తుంది. టైరుకు పట్టిన మొదటి పొర మీద రెండో పొర, దాని మీద గడ్డి, గడ్డి మీద మూడో పొర పట్టి, యాభై గజాలు పోయేసరికి టైరుకు, ఫోర్కుకు మధ్య ఖాళీ పూడిపోయి చక్రం తిరగడం మానేస్తుంది. ఆ తరువాత సైకిల్‌ను ఎత్తుకున్నా లాభం తక్కువే, ఎందుకంటే అప్పటికే దాని బరువు కొన్ని కిలోలు పెరిగి ఉంటుంది. అందుకని అలాంటి చోటుకు ముందే, చక్రాలు ఇంకా శుభ్రంగా ఉండగానే దిగి భుజాన వేసుకోవాలి. వాన పడుతుండగా జరిగే పందెం కంటే వాన వెలిసిన మూడో రోజు జరిగే పందెం కష్టమన్న సంగతి కొత్తవారికి వింతగా తోస్తుంది కానీ, దమ్ము చేసిన చేలో దిగి నడిచినవారికి దాన్ని వివరించనక్కరలేదు.

లంక ఇసుక తీరు వేరు. పొద్దున్నే మంచుకు తడిసి గట్టిగా ఉన్న ఇసుక, ఇరవై చక్రాలు నాలుగు సార్లు దున్నిన తరువాత పిండిలా అవుతుంది. ఇసుకలోకి వేగంగా ప్రవేశించాలి, గేరు కొంచెం బరువైనదే ఉంచాలి, ఒంటి బరువును వెనక చక్రం మీదికి జరపాలి, హ్యాండిల్‌ను గట్టిగా బిగించి పట్టుకోకుండా ముందు చక్రాన్ని దాని దారిన పోనివ్వాలి. చూపు చక్రం మీద కాకుండా ఇసుక అయిపోయే చోట ఉండాలి. ముందువాళ్ళు వేసిన గాడి ఉంటే అందులోనే పోవాలి. గాడి మారదామని హ్యాండిల్ తిప్పిన క్షణంలోనే పడిపోతాం. వేగం నడకకు సమానమైందంటే ఇక దిగి పరుగెత్తడమే లాభం.

కొబ్బరి తోటలో అసలు శత్రువు మట్టి కాదు, మట్ట. మంచుకు తడిసిన మట్ట మీద అడ్డంగా చక్రం పడితే సబ్బు మీద పడినట్టే. అంతకంటే ముఖ్యంగా, ఎండిన ఆకులోని ఈనె స్పోకుల మధ్య నుంచి దూరి వెనక గేరు మార్చే చేతిలో ఇరుక్కుంటుంది. నా మొదటి పందెంలో రెండో చుట్టులో టకటకమని చప్పుడు వినిపించినా, చుట్టు పూర్తయ్యాక చూసుకుందామని తొక్కాను. పది గజాల్లో ఆ చేయి చక్రంలోకి వంగి, దాని కొక్కెం విరిగింది. మిగిలిన చుట్టును సైకిల్ భుజాన వేసుకుని నడిచి ముగించాను. ఈనె చప్పుడు వినబడగానే ఆగి, పెడల్‌ను వెనక్కి ఒక చుట్టు తిప్పి, దాన్ని చేత్తో లాగేయాలి. ఆ పనికి పది సెకన్లు పడుతుంది.

సైకిల్‌ను సిద్ధం చేయడం

అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నియమాల ప్రకారం సైక్లోక్రాస్ టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు మించకూడదు. ఊరి పందేనికి ఆ కొలత పట్టించుకోనక్కరలేదు. గ్రావెల్ సైకిల్, మౌంటెన్ బైక్, టైరుకు, ఫోర్కుకు మధ్య చూపుడువేలు సులువుగా దూరేంత ఖాళీ ఉన్న హైబ్రిడ్ సైకిల్ ఏదైనా చాలు. ఆ వేలి పరీక్షలో ఓడిన రోడ్డు సైకిల్ మాత్రం మన నల్లమట్టిలో వంద గజాలు పోదు. మౌంటెన్ బైక్ తెచ్చేవారు హ్యాండిల్ చివర్ల కొమ్ములు విప్పేయాలి, గుంపులో అవి పక్కవారికి గుచ్చుకుంటాయి. మడ్‌గార్డులు, స్టాండు, క్యారియర్, సీసా బిగించే చట్రం అన్నీ విప్పేయాలి. మడ్‌గార్డు బురదను ఆపదు, దాచుకుంటుంది.

బ్రేకుల విషయంలో డిస్కు బ్రేకులు ఉంటే మేలు. ప్రపంచ స్థాయి పోటీల్లో వాటికి 2010లో అనుమతి వచ్చింది. రిమ్ము మీద పట్టే బ్రేకు బురద పందెంలో రిమ్మునూ రబ్బరునూ ఎంత త్వరగా అరగదీస్తుందో ఒక్క సీజన్‌లో తెలుస్తుంది. ఇక్కడ ఒక చిన్న సంగతి చాలామంది గమనించరు. మన దేశంలో అమ్మే సైకిళ్ళకు సాధారణంగా కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది, ఎడమచేతిది వెనక చక్రానిది. దిగేటప్పుడు కుడిచేయి కడ్డీ మీదికి వెళ్ళిపోతుంది కాబట్టి, హ్యాండిల్ మీద మిగిలే ఎడమచేతి కింద వెనక బ్రేకు ఉండటం మనకు కలిసొచ్చిన అదృష్టం. విదేశం నుంచి తెచ్చిన సైకిళ్ళలో ఇది తారుమారై ఉండవచ్చు. ఒంటికాలి మీద నిలబడి ముందు బ్రేకు నొక్కితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. పందేనికి ముందే చూసుకుని మార్పించుకోవాలి.

గాలి విషయానికి ఎంత సమయం ఇచ్చినా తక్కువే. రోడ్డు మీద తొక్కేవారికి గట్టి టైరంటే మోజు. ఇక్కడ మెత్తటి టైరే మట్టిని పట్టుకుంటుంది. ట్యూబు లేని 33 మిల్లీమీటర్ల టైరుకు, అరవై అయిదు కిలోల మనిషికి, 26 నుంచి 30 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) మధ్య మొదలుపెట్టవచ్చు. ట్యూబు ఉన్న టైరులో అంత తగ్గిస్తే ట్యూబు రిమ్ముకు, రాయికి మధ్య నలిగి పాము కాటులా రెండు చిల్లులు పడుతుంది కనుక 36కు తగ్గకూడదు. రెండంగుళాల మౌంటెన్ బైక్ టైరులో ట్యూబు ఉన్నా 24, 26 సరిపోతుంది. ఈ అంకెలు మొదలుపెట్టడానికి మాత్రమే. బాటలో అన్నిటికంటే గట్టి అంచు, అంటే తూము కాంక్రీటో కల్వర్టు రాయో, ఉన్న చోట పందెం వేగంతో దాటి చూడాలి. చుట్టుకు ఒకసారి రిమ్ము నేలకు తగిలీ తగలనట్టు అనిపిస్తే గాలి సరిగ్గా ఉన్నట్టు. రెండు మూడు సార్లు ఠంగుమంటే రెండు పీఎస్‌ఐ పెంచాలి. అసలు తగలకపోతే ఇంకో రెండు తగ్గించి మళ్ళీ చుట్టు తిరగాలి. దీనికి మీటరు ఉన్న చేతి పంపు తప్పనిసరి. పెట్రోలు బంకులోని గాలిమీటరు కారు టైర్లకు పనికొస్తుంది, ఇంత తక్కువ గాలిలో ఒకటి రెండు పీఎస్‌ఐల తేడాను దాని మీద నమ్మలేము.

దిగడం, మోయడం, ఎక్కడం

మొదటి రెండు వారాలు ఈ మూడు తప్ప మరేదీ సాధన చేయకూడదని నా సలహా. మెత్తటి గడ్డి ఉన్న బడి మైదానం చాలు. చైను కుడివైపు ఉంటుంది కనుక దిగడం ఎప్పుడూ ఎడమవైపుకే.

అడ్డంకి పది మీటర్ల దూరంలో ఉండగానే, తరువాత ఎక్కేటప్పుడు కావలసిన తేలిక గేరులోకి మార్చుకోవాలి. కుడికాలిని పెడల్ నుంచి తీసి, సీటు మీదుగా వెనకనుంచి ఎడమవైపుకు తిప్పి, ఎడమకాలి మడమ వెనక వేలాడదీయాలి. ఇప్పుడు మీ బరువంతా ఎడమ పెడల్ మీద, ఎడమచేతి మీద ఉంటుంది. కుడిచేత్తో పైకడ్డీని, సీటుకు జానెడు ముందు, పట్టుకోవాలి. ఆ కుడికాలు నేలను తాకే క్షణంలోనే ఎడమకాలు పెడల్‌ను వదిలి ముందుకు అడుగు వేయాలి. తాకిన కాలు ఆగకూడదు, పరుగులో మొదటి అడుగు కావాలి. కొత్తవారు రెండు కాళ్ళూ కలిపి ధబ్బున దూకుతారు. దూకితే వేగం చచ్చిపోతుంది, మోకాళ్ళు అదురుతాయి. మొదట నడక వేగంతో వంద సార్లు చేసి, కాళ్ళు వాటంతట అవే కదిలే వరకు వేగం పెంచకూడదు. పెడల్‌కు బిగుసుకునే బూట్లు మొదటి సీజన్‌లో అవసరం లేదు.

చెక్క అడ్డంకులకు సైకిల్‌ను కడ్డీ పట్టుకుని పెట్టె ఎత్తినట్టు ఎత్తితే చాలు. నియమాల ప్రకారం అడ్డంకి ఎత్తు 40 సెంటీమీటర్లు మించదు, రెండింటి మధ్య 4 నుంచి 6 మీటర్లు ఉంటుంది. సైకిల్ మీదే ఎగిరి వాటిని దాటిన బెల్జియం వీరుడు స్వెన్ నైస్‌ను చూసి ముచ్చటపడటంలో తప్పులేదు. మొదటి సీజన్‌లో అనుకరించడంలో మాత్రం ఉంది.

గట్టు ఎక్కవలసి వచ్చినా, నల్లమట్టి దాటవలసి వచ్చినా భుజాన వేసుకోవాలి. కుడిచేతిని చట్రం లోపలినుంచి కింది కడ్డీ దగ్గరికి పోనిచ్చి, దాన్ని పట్టుకుని ఎత్తి, పైకడ్డీ మెడకు దగ్గరగా భుజం మీద ఆనేలా పెట్టాలి. తరువాత ఆ చేతినే ముందు కడ్డీ కిందనుంచి చుట్టి, హ్యాండిల్ ఎడమ చివరను పట్టుకోవాలి. అప్పుడు ముందు చక్రం మొహానికి కొట్టుకోదు, ఎడమచేయి పరుగుకు ఖాళీగా ఉంటుంది. సాధనకు ఏటిగట్టును మించిన చోటు లేదు. వరదను ఆపడానికి కట్టిన ఆ గట్టు వాలు ఐదారు నిలువుల దూరం కాళ్ళను పిండేస్తుంది. అడుగులు చిన్నవిగా వేయాలి, నడుము వంచకుండా కొంచెం ముందుకు వాలాలి.

ఎక్కడమే అందరికీ భయం. రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉంచి, పరుగు ఆపకుండా, ఎడమకాలితో నేలను తన్ని, కుడి తొడ లోపలి వైపు సీటు మీద పడేలా జారి కూర్చోవాలి. పైకి ఎగరకూడదు, ముందుకు జారాలి. ఎక్కబోయే ముందు అందరి కాళ్ళూ ఒక చిన్న తడబాటు అడుగు వేస్తాయి. భయం వేయించే అడుగు అది. దాన్ని వదిలించుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది.

ఆరు వారాల సాధన

మొదటి పందెం డిసెంబరు మొదటి ఆదివారం అనుకుంటే, అక్టోబరు చివరి వారంలో సాధన మొదలుపెట్టాలి. మొదటి రెండు వారాలు పైన చెప్పిన దిగుడు, ఎక్కుడు. మూడో వారం నుంచి వారానికి రెండు రోజులు గట్టు పరుగు చేర్చాలి. నాలుగో వారం నుంచి ఒక రోజు నిమిషం పాటు ఊపిరి అందనంత గట్టిగా, నిమిషం పాటు తేలికగా, ఎనిమిది సార్లు తొక్కాలి; ఇంకో రోజు ఆగి ఉన్న స్థితి నుంచి ఇరవై సెకన్ల దౌడు పది సార్లు తీయాలి. ఐదో వారంలో ఇద్దరు ముగ్గురు మిత్రులతో ఇరవై నిమిషాల ఉత్తుత్తి పందెం పెట్టుకోవాలి. ఆరో వారంలో సగానికి సగం తగ్గించి కాళ్ళకు విశ్రాంతి ఇవ్వాలి. వాయుగుండం వచ్చిన వారం ఏదీ జరగదు, దాన్ని లెక్కలోంచి తీసేసి ముందుకు పోవాలి. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు, నలభై దాటి కొత్తగా మొదలుపెట్టేవారు ముందుగా వైద్యుణ్ణి కలవాలి, ఎందుకంటే ఈ పందెంలో మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం వరకు గుండె దాదాపు తన గరిష్ఠ వేగంతో కొట్టుకుంటుంది.

బాట వేయడం, చుట్లు లెక్కపెట్టడం

అంతర్జాతీయ పోటీల్లో చుట్టు 2.5 నుంచి 3.5 కిలోమీటర్లు, బాట వెడల్పు కనీసం 3 మీటర్లు, మొదటి తిన్నని దౌడు కనీసం 150 మీటర్లు ఉండాలి. ఇరవై మంది పాల్గొనే మన పందేనికి కిలోమీటరున్నర చుట్టు చాలు కానీ, వెడల్పును, మొదటి దౌడును తగ్గించకూడదు. బయలుదేరిన వెంటనే ఇరుకు గట్టు వస్తే ఒకరి మీద ఒకరు పడతారు. బాటలో పదింట తొమ్మిది వంతులు తొక్కగలిగేదై ఉండాలి. హద్దులకు రిబ్బను టేపు కట్టాలి. కొబ్బరి తాడు చవక అని కట్టామంటే మెడకు తగిలిన రోజు తెలుస్తుంది. ఒకే చోటు నుంచి బాట రెండు వైపులా కనిపించేలా మెలికలు వేస్తే, సైకిల్ మార్చుకునే స్థలాన్ని, చూసేవారిని, ప్రథమ చికిత్స పెట్టెను అక్కడే పెట్టుకోవచ్చు. పందెం రోజు తెల్లవారగానే నలుగురు కర్రలు తట్టుకుంటూ బాటంతా నడవాలి. కోతల తరువాత ఎలుకల కోసం పాములు గట్ల మీదికి చేరతాయి, రక్తపింజరి మట్టల రంగులో కలిసిపోతుంది. ఆసుపత్రి ఎంత దూరమో, 108 వాహనం ఏ దారిన తోటలోకి రాగలదో ముందే చూసి ఉంచుకోవాలి.

పందెం దూరాన్ని బట్టి కాక సమయాన్ని బట్టి జరుగుతుంది. మేటి పురుషులు సుమారు గంట తొక్కుతారు. మనకు నలభై నిమిషాలు ఎక్కువే. మొదటి రెండు చుట్లకు ముందున్నవారికి పట్టిన సమయాన్ని బట్టి మొత్తం చుట్లు తేలుస్తారు. ముందున్న వ్యక్తి రెండో చుట్టును 11 నిమిషాల 40 సెకన్లకు ముగించాడనుకుంటే చుట్టుకు 5 నిమిషాల 50 సెకన్లు పడినట్టు. నలభై నిమిషాల్లో ఆరు చుట్లు దాటి ఏడుకు దగ్గరవుతుంది కనుక పందెం ఏడు చుట్లని బోర్డు మీద రాస్తారు. ఏడో చుట్టు మొదలవగానే గంట కొట్టాలి. మాకు పాత బడిలో వేలాడే రైలు పట్టా ముక్క దొరికింది. దాని మోత కాలువ అవతలికి వినిపిస్తుంది. పెద్ద పోటీల్లో ముందున్నవారి మొదటి చుట్టు సమయంలో 80 శాతానికి మించి వెనకబడినవారిని బయటికి పంపేస్తారు. ఊరి పందెంలో ఎవరినీ పంపకుండా, మొదటివారు గీత దాటాక మిగిలినవారు తాము ఉన్న చుట్టుతో ముగించే పద్ధతి పెట్టుకోవాలి.

పందెం ఉదయం

ఏడు గంటలకు బయలుదేరేలా పెట్టుకుంటే ఎనిమిదికల్లా అయిపోతుంది. తొమ్మిది దాటితే డిసెంబరులో కూడా ఉక్క మొదలవుతుంది. నాలుగున్నరకు లేచి రెండు రావులపాలెం అరటిపళ్ళు, కొద్దిగా ఉప్మా తింటే చాలు. కొబ్బరి నీళ్ళలో పొటాషియం బాగా ఉన్నా సోడియం తక్కువ కనుక, చిటికెడు ఉప్పు కలుపుకుని బయలుదేరే అరగంట ముందు తాగాలి. పావుగంట సేపు చెమట పట్టేదాకా తొక్కి, గీత దగ్గర చోటు కోసం పదినిమిషాల ముందే చేరాలి.

బయలుదేరగానే అందరూ ప్రాణం పెట్టి తొక్కుతారు. మొదటి మలుపు దగ్గర గుంపు నిలిచిపోతుంది కాబట్టి, అక్కడికి ముందు చేరినవారికి లాభం ఉన్న మాట నిజమే. కొత్తవారు మాత్రం మొదటి చుట్టులో తమ శక్తిలో పదింట ఎనిమిది వంతులతో పోవాలి, అడ్డంకుల దగ్గర తొందరపడి ముందువారి చక్రం మీద పడకూడదు. ఊపిరి రెండో చుట్టులో కుదుటపడుతుంది, మొదట్లో దూసుకుపోయినవారు మూడో చుట్టు నుంచి ఒక్కొక్కరే వెనక్కి వస్తారు. నల్లమట్టి వచ్చిన ప్రతిసారీ, ముందటి చుట్టులో తొక్కగలిగాను కదా అనుకోకుండా, కొత్తగా చూసి నిర్ణయించుకోవాలి. పందెం మధ్యలో నేల మారుతూనే ఉంటుంది.

ముగిశాక

ఒంటి మీద గాయం ఉంటే వెంటనే సబ్బుతో కడగాలి; ధనుర్వాతం టీకా వేయించుకుని ఎన్నాళ్ళయిందో సీజన్ ముందే చూసుకోవాలి. చేల బురదలో ఎలుక మూత్రం నుంచి ఎలుక జ్వరం సోకే అవకాశం ఉంది కనుక, మానని పుండు ఉన్నవారు ఆ వారం పోటీకి దిగకూడదు. ఒకటి రెండు వారాల్లో ఒళ్ళునొప్పులతో జ్వరం వస్తే, బురదలో తిరిగిన సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి.

సైకిల్‌ను బకెట్టు నీళ్ళు, చీపురు, పాత గుడ్డతో ఇంట్లోనే కడుక్కోవాలి. నేను ఒకసారి బద్ధకించి మోటారు సైకిళ్ళు కడిగే ఒక వాటర్ సర్వీసింగ్‌లో ఇచ్చాను. అక్కడి గొట్టం ధాటికి చక్రం ఇరుసులోని గ్రీజు మొత్తం కొట్టుకుపోయి, తరువాతి వారానికి బేరింగులు గరగరలాడాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు ఇసుకలో తొక్కి ఉంటే ఆ రోజే మంచినీళ్ళతో కడిగి, చైను పూర్తిగా ఆరాక నూనె వేయాలి, లేకపోతే రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది. బ్రేకు ప్యాడ్లు విప్పి మందం చూడాలి.

ఆ తరువాత పారలు పట్టుకుని తోటకు తిరిగి వెళ్ళాలి. మనం తొక్కిన చోట విరిగిన గట్టును పూడ్చి, బోదెలో పడిన మట్టిని తీసి, టేపు ముక్కలు ఏరి, పెద్దాయనకు చూపించాలి. ఇంటికి వచ్చాక పుస్తకంలో తేదీ, నేల స్థితి, టైర్లలో ఉంచిన గాలి, ఏ చుట్టులో ఎక్కడ దిగామన్నది రాసుకోవాలి. రెండో పందెం ముందురోజు సాయంత్రం పంపు చేతిలోకి తీసుకునేటప్పుడు మొదట తెరవవలసింది ఆ పేజీయే.